ఆదివారం ఎపింగ్ ఫారెస్ట్ నడక

అందరికీ నమస్కారం. లండన్ పక్కనున్న ఎపింగ్ అడవిలో నడకకి ఈ ఆదివారం ఉదయం 10 గంటలకు లౌటన్ ట్యూబ్ స్టేషన్ బయట కలుద్దాం. సెంట్రల్ లైన్ ఎక్కే ముందు రైళ్లు నడుస్తున్నాయో లేదో చూసుకోండి.

ఈసారి పని ఒకటే: ఏ మొక్క ఎక్కడ ఉందో రాసుకోవడం. ప్రతి మొక్కకీ ఫొటో, గ్రిడ్ రిఫరెన్స్ (మ్యాప్‌లో ఆ చోటుని చూపే అంకెలు), పైన ఏ చెట్టు నీడ ఉందో కావాలి. మూడోది దయచేసి వదిలేయకండి, అసలు సంగతి అందులోనే ఉంది. ఎత్తు మీద గులకరాళ్ల నేలలో బీచ్ చెట్లు ఎక్కువ, కింద బంకమట్టిలో హార్న్‌బీమ్ చెట్లు ఎక్కువ. బీచ్ నీడ బాగా చిక్కన, కింద ఎండుటాకులు తప్ప పెద్దగా ఏమీ ఉండవు. అక్కడ "ఏమీ లేదు" అని రాసినా మనకి పనికొస్తుంది.

బ్లూబెల్స్ (గంటల్లాంటి నీలి అడవి పూలు) కనిపిస్తే వంగి చూడండి. స్థానిక రకం కాడ ఒక పక్కకి వంగుతుంది, పూలన్నీ అటే వేలాడతాయి, పుప్పొడి మీగడ రంగు. కాడ నిటారుగా, పూలు చుట్టూ, పుప్పొడి నీలంగా ఉంటే స్పెయిన్ రకమో సంకరమో అయ్యుంటుంది. అనుమానమైతే అనుమానమనే రాయండి.

ఏదీ కోయొద్దు, పుట్టగొడుగులు కూడా. అడవి నిబంధనలు ఒప్పుకోవు. బ్లూబెల్ ఆకుల మీద అసలు అడుగు వేయొద్దు. ఆకు నలిగితే దుంపకి తిండి అందదు. పిల్లలకి ఇంట్లోనే చెప్పి తీసుకురండి.

ఫుల్ ప్యాంటు, బూట్లు తప్పనిసరి, పిడుదులుంటాయి. నీళ్లు, తిండి ఎవరివి వాళ్లే.

వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోపు ఇక్కడ మీ పేరు రాయండి.