పేరు చెప్పని పెద్దాయనకు కృతజ్ఞతలు

ధ్యానం ముగిసి అందరూ వెళ్లిపోతున్నా, నా సందేహం కోసం ఆగి, కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుని ఓపికగా మాట్లాడిన పెద్దాయనకు మనఃపూర్వక కృతజ్ఞతలు. నిష్కల్మషమైన మనసు పసితనంతోనే పోతుందా, సాధనతో తిరిగి వస్తుందా అని నేనడిగితే, సుఖంగా ఉన్నవారితో మైత్రి, దుఃఖంలో ఉన్నవారిపై కరుణ, పుణ్యాత్ములను చూసి సంతోషం, పాపుల పట్ల ఉపేక్ష అలవరచుకుంటే చిత్తం నిర్మలమవుతుందని యోగశాస్త్రం చెప్పిన మాటను ఆయన విడమరచి చెప్పారు. వీటిలో మొదటిదే కష్టమని, ఎదుటివారి సుఖాన్ని ఓర్వలేకపోవడం దగ్గరే మనసు మలినపడుతుందని ఆయన అన్న మాట నాకు అన్నిటికన్నా విలువైనది. ఈర్ష్య తెలియని పసివారి నిర్మలత్వం కన్నా, తెలిసి వదిలినవారి నిర్మలత్వమే గొప్పదని నాకు అనిపిస్తుంది. పేరు అడిగితే నవ్వి ఊరుకున్నారు. అయ్యా, ఇది మీ కంటపడితే నా నమస్కారాలు స్వీకరించండి.