క్లింగాన్ నెలల పేర్లు మాకెందుకు? ముఖ్య కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

ముఖ్య కార్యదర్శి గారికి నమస్కారం.

ఏ పోర్టల్ గురించి రాస్తున్నానో, అందులో ఏ పేజీ గురించో మీకు తెలుసు కనుక పేర్ల జోలికి వెళ్లను. కాలేజీ అడ్మిషన్ల సమయంలో ఆదాయ ధ్రువపత్రం పేజీ మీద పంపిన అర్జీకి 'సర్వర్ల సామర్థ్యం పెంచాం' అని జవాబిచ్చారు. అంతకుముందు పంపిన వాటికీ అదే జవాబు. అయ్యా, సర్వర్ బాగాలేదని నేనెప్పుడు రాశాను? సర్వర్ చక్కగా, అడిగిన వెంటనే పలుకుతోంది. అది పంపుతున్న జావాస్క్రిప్ట్‌ను, అంటే ఫోనులోని బ్రౌజరే నడపాల్సిన కోడును, మోయలేక జనం ఫోన్లు చతికిలబడుతున్నాయి. రాసింది ఇదీ. చదివినవారు లేరు.

నేను మండల కేంద్రంలో ఇంటర్నెట్ సెంటర్ నడుపుతున్నాను. అంతకుముందు వెబ్ అప్లికేషన్లు రాసే ఉద్యోగం చేశాను కాబట్టి, పేజీ మొరాయిస్తే దాని కడుపులో ఏముందో చూసే అలవాటు పోలేదు. క్రోమ్ బ్రౌజర్‌లో కవరేజ్ అనే సాధనం ఉంది. దిగిన కోడులో పనిచేసింది ఎంత, ఊరికే పడి ఉన్నది ఎంత అనేది రంగు గీతలతో చూపిస్తుంది. మీ లాగిన్ పేజీని దానితో తెరిస్తే ఎటు చూసినా ఎరుపే, అంటే వాడని కోడే. తెర మీద ఉన్నది ఆధార్ నంబరు గడి, ఓటీపీ గడి, ఒక బటన్. వాటి వెనకాల దిగుతున్నవి: అధికారుల డ్యాష్‌బోర్డులో తప్ప ఇంకెక్కడా కనిపించని గ్రాఫుల లైబ్రరీ (వేరేవారు రాసిపెట్టిన తయారు కోడు), 'సంప్రదించండి' పేజీలోని పటం కోసం మ్యాపుల లైబ్రరీ, జేక్వెరీ అనే లైబ్రరీ రెండు వేర్వేరు వెర్షన్లలో. చాలవన్నట్టు, 2022 జూన్ 15న మైక్రోసాఫ్టే సాగనంపిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ బ్రౌజర్ కోసం పాలీఫిల్స్ (పాత బ్రౌజర్లలో లేని సదుపాయాలను పూరించే కోడు) కూడా. పొరుగూరికి బయలుదేరిన మనిషి అటక మీది సామానంతా నెత్తిన పెట్టుకున్నట్టుంది.

దరఖాస్తులోని పుట్టిన తేదీ గడి సంగతి విడిగా చెప్పుకోవాలి. అందులో తేదీని వరుసగా చూపించడానికి మొమెంట్ అనే లైబ్రరీని, దాని భాషల ఫైళ్లన్నిటితో సహా చేర్చారు. కొత్త ప్రాజెక్టులకు దీన్ని ఎంచుకోవద్దని 2020 సెప్టెంబరులో దాన్ని తయారుచేసినవారే ప్రకటించారు. మీ పోర్టల్ కొత్త రూపం ఆ తర్వాతే వచ్చింది. ఆ ఫైళ్లలో ఐస్‌లాండిక్ నెలల పేర్లున్నాయి, బాస్క్ వారాల పేర్లున్నాయి. స్టార్ ట్రెక్ అనే అమెరికన్ సినిమాల్లో గ్రహాంతరవాసుల కోసం కల్పించిన క్లింగాన్ భాషకూ అందులో చోటుంది. తెలుగు కూడా ఉంది లెండి, కానీ మీ పేజీలో నెలలు ఇంగ్లీషులోనే కనిపిస్తాయి. మా మండలంలో క్లింగాన్ కుటుంబాలు ఎన్ని ఉన్నాయో, వాటిలో ఎన్ని ఆదాయ ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టుకున్నాయో తహసీల్దారు గారిని అడిగి తెలియజేయగలరు.

ఇదంతా ఎవరి మీద పడుతోందో చెబుతాను. కూలికి వెళ్లే ఒకావిడ, కూతురి ఫీజు రీయింబర్స్‌మెంటు కోసం, 2 జీబీ ర్యామ్ ఉన్న ఫోనులో మీ పేజీ తెరుస్తుంది. తెల్లటి తెర తిరిగి తిరిగి ఎలాగో గడులు కనిపిస్తాయి. ఓటీపీ వస్తుంది. అది చూడటానికి మెసేజీల్లోకి వెళుతుంది. ఇంత బరువున్న పేజీని ఆ ఫోను వెనకాల నిలబెట్టుకోలేదు, చోటు కోసం దాన్ని వదిలేస్తుంది. ఆమె తిరిగి వచ్చేసరికి పేజీ మొదటి నుంచి లోడవుతుంది. గడులు ఖాళీ, చేతిలో ఉన్న ఓటీపీ చెల్లదు. మళ్లీ అడుగుతుంది. మళ్లీ అదే తంతు. ఇంకోసారి అడిగితే 'మీ ప్రయత్నాల పరిమితి దాటింది, రేపు రండి' అంటుంది మీ పోర్టల్. రేపు అంటే ఇంకో రోజు కూలి పోయినట్టు. చివరికి నా దగ్గరికి వచ్చి డబ్బులిచ్చి చేయించుకుంటుంది. ఇంట్లో కూర్చుని ఉచితంగా చేసుకోవచ్చని గోడల మీద రాయించారు కదా! నా గల్లాపెట్టెకు మీరు చేస్తున్న మేలు మరచిపోలేనిది.

ఫైళ్లను కుదించే పంపుతున్నాం అని మీ కాంట్రాక్టు సంస్థ అంటుంది. కుదిస్తే దిగే డేటా తగ్గుతుంది. దిగాక ఫోను దాన్ని విప్పి, చదివి, నడపాల్సింది మొత్తంగానే.

వాడని ప్యాకేజీలను, అంటే బయటి నుంచి తెచ్చుకున్న కోడు పొట్లాలను, ట్రీ షేకింగ్ (అక్కర్లేని కోడును వదిలేసే పద్ధతి) దానంతటదే తీసేస్తుందని కూడా అంటారు. అది సగం నిజం. జాబితాలో ఉండి కోడులో ఎవరూ పిలవని ప్యాకేజీ బండిల్‌లోకి, అంటే ఫోనుకు పంపే కోడు మూటలోకి, రాదు, ఒప్పుకుంటాను. కానీ ఒక్క ఫంక్షన్ కోసం లోడాష్ అనే లైబ్రరీ మొత్తాన్ని కామన్‌జేఎస్ అనే పాత పద్ధతిలో పిలిస్తే, ఏది అక్కర్లేదో బిల్డ్ సాధనం (ఆ మూట కట్టే ప్రోగ్రామ్) తేల్చుకోలేక మొత్తాన్నీ మోసుకొస్తుంది. ఇక బండిల్‌లోకి రానిది నిరపాయకరమా అంటే అదీ కాదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడే దాని స్క్రిప్టు బిల్డ్ యంత్రంలో నడవగలదు. 2025 సెప్టెంబరులో ఎన్‌పీఎం అనే జావాస్క్రిప్ట్ భాండాగారంలోని ప్యాకేజీల్లో పాకిన షాయ్-హులూద్ అనే వార్మ్ (తనంతట తానే వ్యాపించే హానికర ప్రోగ్రామ్) ఆ దారినే వచ్చి డెవలపర్ల టోకెన్లు (పాస్‌వర్డులాంటి రహస్య సంకేతాలు) దొంగిలించింది. జనం ఆధార్ నంబర్లు మీ దగ్గర పెట్టుకుని, ఎవరూ వాడని ప్యాకేజీలను ఎందుకు ఉంచుకుంటారు? సాఫ్ట్‌వేర్‌లో ఏయే భాగాలున్నాయో జాబితా రాయించుకోవాలని 2024 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ మార్గదర్శకాలు ఇచ్చింది. మీ పోర్టల్‌కు ఆ జాబితా ఉందా? ఉంటే దాన్ని ఒక్కరైనా చదివారా?

అడిగేది పెద్ద పని కాదు. క్నిప్, డెప్‌చెక్ లాంటి సాధనాలు పిలవని ప్యాకేజీలను పేరుపేరునా చూపిస్తాయి. అవి అప్పుడప్పుడు పొరపడతాయి కాబట్టి ఒక మనిషి కూర్చుని సరిచూసుకోవాలి, అంతే. బండిల్ అనలైజర్ అయితే ఏ లైబ్రరీ ఎంత చోటు ఆక్రమించిందో బొమ్మ గీసి మరీ పెడుతుంది. ఆ బొమ్మ ఒక్కటి మీ బల్ల మీదికి తెప్పించుకోండి. గ్రాఫులను డ్యాష్‌బోర్డు పేజీకే పరిమితం చేయించండి. తేదీ పనికి బ్రౌజర్‌లో ఉన్న సదుపాయమే చాలు. దయచేసి ఇంకో సర్వర్ మాత్రం కొనకండి.

మీ కాంట్రాక్టు సంస్థకు ఒప్పందం పొడిగించబోతున్నారని విన్నాను. లాగిన్ పేజీతో ఎంత జావాస్క్రిప్ట్ దిగవచ్చో ఆ ఒప్పందంలో ఒక హద్దు రాయించండి, దాటితే బిల్లు ఆపండి. సంతకం పెట్టే ముందు 2 జీబీ ఫోనులో, మొబైల్ డేటా మీద, ఎవరి సాయమూ లేకుండా మీరే ఒక దరఖాస్తు పెట్టి చూడండి.

ఇట్లు,
మండల కేంద్రంలోని ఒక ఇంటర్నెట్ సెంటర్ నిర్వాహకుడు