మా పాపను, నన్ను కాపాడినవాళ్ళందరికీ

అందరికీ నమస్కారం. మాకు పాప పుట్టింది. బరువు కాస్త తక్కువే కానీ ఆరోగ్యంగా ఉంది, పాలు బాగా తాగుతోంది. నా బీపీ కూడా దిగింది. ఫోన్ చేసి అడిగిన ప్రతి ఒక్కరికీ విడిగా చెప్పే ఓపిక ఇంకా రాలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మొదటి కాన్పులో ఏడో నెలకే బీపీ పెరిగి బిడ్డ దక్కలేదని మావాళ్ళందరికీ తెలుసు. ఈసారి అమలాపురంలో మా డాక్టరమ్మగారు ఆ పాత కాగితాలన్నీ ఓపిగ్గా చదివి, మూడో నెల స్కానింగ్‌లోనే గర్భసంచికి రక్తం తీసుకెళ్ళే ధమనులను రెండు వైపులా డాప్లర్‌తో కొలవమని రాశారు. అమ్మా, ఆ ఒక్క మాట రాసినందుకు మీకు జీవితాంతం రుణపడి ఉంటాను.

స్కానింగ్ చేసిన డాక్టరుగారు తెర మీది అలల గీతలు చూపిస్తూ నాకు అర్థమయ్యేలా చెప్పారు. పారే రక్తకణాలకు తగిలి తిరిగొచ్చే శబ్దంలోని తేడాను బట్టి మెషిన్ వేగం లెక్కకడుతుంది. ఎక్స్‌రేలో ఉండే రేడియేషన్ ఇందులో ఉండదు. మామూలుగా మాయ నుంచి వచ్చే కణాలు గర్భసంచిలోని సన్నటి రక్తనాళాలను వెడల్పు చేస్తాయి. అందువల్లే నెలలు నిండేసరికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం అక్కడికి చేరుతుంది. అవి సరిగ్గా వెడల్పు కాకపోతే, కాలువ నిండుగా ఉన్నా లాకు తలుపులు సగమే ఎత్తినట్టు. గుండె కొట్టుకున్నప్పుడు రక్తం ఒక్కసారిగా ఉరుకుతుంది, ఆ వెంటనే బాగా తగ్గిపోతుంది. ఆ హెచ్చుతగ్గులను చెప్పే అంకె పేరు పీఐ. నాకు అది ఉండాల్సినదానికన్నా ఎక్కువ వచ్చింది.

టెన్షన్ పడ్డాను. "ఇది జబ్బు కాదమ్మా, ముందస్తు హెచ్చరిక. ఎక్కువ వచ్చినవాళ్ళలో చాలామందికి ఏమీ కాదు" అన్నారాయన. ఆ రాత్రి నుంచే 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ మొదలైంది. 16 వారాలు దాటకముందే మొదలుపెట్టాలట. రిస్క్ ఉన్న గర్భిణుల్లో నెలలు నిండకముందే వచ్చే ప్రీఎక్లాంప్సియాను (అంటే గర్భిణికి బీపీ ప్రమాదకరంగా పెరిగే జబ్బును) ఇది సగానికి పైగా తగ్గించినట్టు 2017లో ఒక పెద్ద అధ్యయనంలో తేలింది. దయచేసి ఎవరూ దీన్ని సొంతంగా వేసుకోకండి, డాక్టరు రాస్తేనే.

మా ఆశా అక్క గురించి ఎంత చెప్పినా తక్కువే. వరదకు మా లంక కాజ్‌వే మునిగిపోతే, ఏఎన్ఎం గారిని వెంటబెట్టుకుని పడవలో వచ్చి మరీ బీపీ చూసింది. ఎనిమిదో నెల చివర్లో తలనొప్పి, కళ్ళ ముందు మెరుపులు అనగానే 108కి ఫోన్ చేసింది కూడా తనే. కాకినాడ జీజీహెచ్‌లో బొడ్డుతాడు రక్తప్రవాహం కూడా చూసి, బిడ్డ ఊపిరితిత్తుల కోసం ఇంజెక్షన్లు ఇచ్చి, ఆపరేషన్ చేశారు. అక్కడి డాక్టర్లకు, నర్సమ్మలకు, రక్తం ఇచ్చిన యానాం తమ్ముళ్ళకు చేతులెత్తి దండం పెడుతున్నాను.

ఇంతకుముందు బీపీ వచ్చినవాళ్ళు, బిడ్డ ఎదగని కాన్పు అయినవాళ్ళు, ఆ సంగతి మొదటి చెకప్‌లోనే చెప్పండి. ప్రతి నెలా 9న సర్కారు ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా చూస్తారు, పాత కాగితాలు తీసుకెళ్ళండి.

ఆ వరదలో మమ్మల్ని గట్టు చేర్చిన పడవ బాబాయి డబ్బులిస్తే తీసుకోలేదు. బాబాయ్, పాప బారసాలకు మొదటి పిలుపు నీకే. పిన్నిని కూడా తీసుకురా.