గ్రంథాలయాల్లో పేపర్ల బల్లను బతికించండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతాను. ఓటు హక్కు, పౌరుల బాధ్యతలు, ప్రజాస్వామ్యం నా సిలబస్‌లోని పాఠాలే. అవి చెబుతున్నప్పుడల్లా పిల్లల్లో ఒక లోటు కనిపిస్తుంది: విన్న వార్తను ఇంకోచోట సరిచూసుకునే అలవాటు లేదు. దాన్ని తీర్చగలిగినవి బడి, ప్రభుత్వ గ్రంథాలయం. రెండూ మీ శాఖవే కాబట్టి మీకు రాస్తున్నాను.

మా పిల్లల ఇళ్లలో వార్త అంటే ఫోన్‌కు వచ్చేదే. బస్తీ గ్రూపులో ఎవరో పెట్టిన వీడియో, యూట్యూబ్‌లో ఎర్ర అక్షరాల హెడ్డింగ్, కాదంటే ఇంట్లో పెద్దాయన రోజూ పెట్టే ఒకే ఒక్క చానల్. ఏ పేపరు ఎటు మొగ్గుతుందో, ఏ చానల్ వెనక ఎవరున్నారో మన ఊళ్లో ఏ చాయ్ హోటల్లో అడిగినా చెబుతారు. తెలిసీ ఎవరికి నచ్చింది వాళ్లు చూస్తారు. రెండో పేపరు వేయించుకునే స్తోమత చాలా ఇళ్లకు లేదు. పత్రికలకు మొగ్గు ఉండటం నాకు పెద్ద తప్పుగా అనిపించదు. ఒకే మొగ్గును చూస్తూ పెరిగిన పిల్లవాడికి రేపు పద్దెనిమిదేళ్లు నిండి ఓటు వస్తుంది. నా బెంగ అదే.

ఒకే మాట నమ్మితే ఏమవుతుందో ఈ నగరం చూసింది. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వదంతి పాకింది. రంజాన్ రోజుల్లో బిచ్చం అడుక్కోవడానికి ఊరి నుంచి వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను చాంద్రాయణగుట్టలో గుంపు కొట్టి చంపింది. దేశంలో ఇలాంటి దారుణాలు వరసగా జరిగాక, ఆ జులైలో వాట్సాప్ ఒక మెసేజీని ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. 2020 ఫిబ్రవరిలో చికెన్ తింటే కరోనా వస్తుందన్న పుకారుకు కోళ్ల రైతులు కుదేలయ్యారు. జనం భయం పోగొట్టడానికి మంత్రులే ఇక్కడ వేదికెక్కి చికెన్ తినాల్సి వచ్చింది. ప్రతి పుకారుకూ ఒక వేదిక కట్టలేం కదా సార్. ఇది నిజమేనా, ఇంకెవరు చెప్పారు అని అడిగే అలవాటు చిన్నప్పుడే పడాలి.

అలవాటు ఎలా పడుతుందో నా తరగతిలో చూశాను. 2024 జులైలో చెరువుల, ప్రభుత్వ స్థలాల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడింది, ఆ తర్వాత చెరువుల దగ్గర కూల్చివేతలు మొదలయ్యాయి. మా పిల్లల్లో కొందరి చుట్టాలు ఆ భయంతోనే నిద్రపోయేవాళ్లు. ఒకే కూల్చివేత మీద వచ్చిన వార్తల్ని వేర్వేరు పేపర్ల నుంచి కత్తిరించి బల్ల మీద పరిచాను. ఒకదాంట్లో ఎన్ని ఎకరాలు విడిపించారో పెద్దక్షరాల్లో ఉంది, ఇల్లు పోయినవాళ్ల మాట ఒక్కటీ లేదు. ఇంకోదాంట్లో ఏడుస్తున్న తల్లి ఫొటో ఉంది, ఆ స్థలం చెరువు హద్దులో ఉందో లేదో ఎక్కడా రాయలేదు. ఉర్దూ చదవడం వచ్చిన ఒక అమ్మాయి మూడో పేపరు చదివి చెప్పింది: ఆ ఇళ్లకు ఇంటి నంబరు, కరెంటు మీటరు ఇచ్చిందెవరని అందులో అడిగారట. తరగతి మొత్తం ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టింది. చెరువుల హద్దుల మ్యాపులు హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడవచ్చని చెప్పి తెరిచి చూపించాను. చెరువు హద్దుల మీద ప్రాథమిక నోటిఫికేషన్ ఏదో, తుది నోటిఫికేషన్ ఏదో వాళ్లే వెతికారు.

అప్పటి నుంచి వాళ్లు పేపరు చదివే తీరే మారింది. 'అని తెలిసింది', 'విశ్వసనీయ వర్గాల భోగట్టా' అని కనిపిస్తే పెన్సిల్‌తో గీత గీస్తారు. ఎవరికి తెలిసింది, ఆ వర్గాలెవరు అని అడుగుతారు. పేరుతో చెప్పిన మాట ఏది, పేరు లేకుండా చెప్పింది ఏది, కాగితం చూసి రాసింది ఏది అని విడదీస్తారు. పాత వీడియోకు కొత్త తేదీ తగిలించారేమో చూస్తారు. రెండు పేపర్లు చదివితే నిజం సరిగ్గా మధ్యలో దొరుకుతుందని నేను వాళ్లకు చెప్పను. ఒక్కోసారి ఒక పేపరు పూర్తిగా తప్పు రాస్తుంది. ఆ సంగతి పట్టుకోవడానికే రెండోది కావాలి.

ఇక గ్రంథాలయాల సంగతి. పదిరకాల పేపర్లు పైసా ఖర్చు లేకుండా ఒకే బల్ల మీద దొరికే చోటు నగరంలో అదొక్కటే. అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం, బస్తీల్లో శాఖలు ఉన్నాయి. వీటికోసం మేం చెల్లిస్తూనే ఉన్నాం: ఆస్తి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు. ఆ సొమ్ము గ్రంథాలయ సంస్థకు సకాలంలో, పూర్తిగా చేరడం లేదని ఏళ్ల తరబడి వార్తలు వస్తున్నాయి. దయచేసి బకాయిలు తెప్పించండి. చిక్కడపల్లి హాళ్లు గ్రూప్స్ లాంటి ప్రభుత్వ ఉద్యోగ పరీక్షలకు చదువుకునే యువతతో నిండిపోయాయి. వాళ్లను నేను తప్పుపట్టను, ఊళ్ల నుంచి ఆశతో వచ్చిన పిల్లలు వాళ్లు. వాళ్లకు వేరే హాళ్లు ఇచ్చి, పేపర్ల బల్లను మామూలు పాఠకులకు వదలండి. కూలికి వెళ్లే మనిషి ఇంటికి తిరిగొచ్చేసరికి శాఖా గ్రంథాలయానికి తాళం పడుతోంది. రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచి ఉంచండి. వేర్వేరు మొగ్గులున్న తెలుగు పేపర్లతో పాటు ఉర్దూ, హిందీ, ఇంగ్లిష్ పేపర్లు ప్రతి శాఖకూ తెప్పించండి. మా బడి చుట్టుపక్కల ఒకే వీధి గురించి తెలుగు పేపరు, ఉర్దూ పేపరు చదివితే రెండు వేర్వేరు ఊళ్ల కబుర్లలా ఉంటాయి. ఆ వీధిలో మనుషులు మాత్రం పక్కపక్క గుమ్మాల్లోనే ఉంటున్నారు.

ఇది ఈ ఊరికి కొత్త కోరిక కాదు. 1901లోనే శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం అనే తెలుగు గ్రంథాలయం ఇక్కడ వెలిసింది. 1926లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. నిజాం పక్షాన దాడులు చేసిన రజాకార్లను ఎదిరించి, హైదరాబాద్ భారత్‌లో కలవాలని ఉర్దూలో రాసినందుకు 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో ఈ నగరంలోనే చంపేశారు. రెండో గొంతు వినిపించడానికి మనవాళ్లు ఇచ్చిన మూల్యం అది.

బడుల్లో నేను అడిగేది వారానికి ఒక్క పీరియడ్. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా, మార్కులు, పరీక్ష లేని వార్తల పీరియడ్. కేరళలో కన్నూర్ జిల్లా యంత్రాంగం 'సత్యమేవ జయతే' పేరుతో ప్రభుత్వ బడుల పిల్లలకు తప్పుడు వార్తల్ని గుర్తించడం నేర్పింది. మనమూ చేయగలం. ప్రతి ప్రభుత్వ బడికీ కనీసం మూడు పేపర్లకు డబ్బు ఇవ్వండి. ఏయే పేపర్లన్నది ప్రభుత్వం తేల్చకూడదు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా తనను పొగిడే పేపర్లనే బడికి పంపాలని చూసే ప్రమాదం ఉంది. ప్రధానోపాధ్యాయులు, ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు కూర్చుని, ప్రభుత్వాన్ని మెచ్చుకునేది ఒకటి, నిలదీసేది ఒకటి తప్పనిసరిగా ఉండేలా ఎంచుకోవాలి. మిమ్మల్ని విమర్శించే వార్తను కూడా మా పిల్లలు చదువుతారు. మీ వివరణ కూడా చదువుతారు. ఆ వివరణ చేతికందాలంటే మీ శాఖ జీవోలు విడుదలైన రోజే తెలుగులో, ఉర్దూలో వెబ్‌సైట్‌లో పెట్టించండి. సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ఎవరూ అడగకముందే ప్రజలకు సమాచారం ఇవ్వమని 2005 నుంచి చెబుతూనే ఉంది.

వచ్చే విద్యా సంవత్సరానికి హైదరాబాద్ జిల్లాలో కొన్ని బడులతోనైనా మొదలుపెట్టమని కోరుతున్నాను. పాఠాల తయారీకి, తోటి ఉపాధ్యాయుల శిక్షణకు నేను సిద్ధం. ఎండాకాలం సెలవుల్లో పిలిచినా వస్తాను.

భవదీయురాలు,
ఒక సాంఘికశాస్త్ర ఉపాధ్యాయురాలు,
హైదరాబాద్