తీసివేత ఎప్పుడూ అమ్మ జీతంలోంచేనా?

సంపాదకులు గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ పాఠకుల పేజీలో ఒక పెద్దాయన ఉత్తరం చదివాను. బిడ్డకు మూడేళ్లు వచ్చేదాకా తల్లి ఇంటిపట్టునే ఉండాలని, డేకేర్‌కు కట్టింది పోగా జీతంలో మిగిలేది ఎంతని ఆయన అడిగారు. కోపంతో రాసిన ఉత్తరం కాదది, మనవల మీద ప్రేమతో రాసినట్టే అనిపించింది. అందుకే జవాబు రాయాలనిపించింది. నాకు 14 నెలల పాప ఉంది. నేను బేగంపేటలో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. మిగిలేది ఎంతో నాకు పైసలతో సహా తెలుసు.

సెలవు అయిపోయాక మొదటి నాలుగు నెలలు మా అమ్మ మిర్యాలగూడ దగ్గర మా ఊరి నుంచి వచ్చి పాపను చూసుకుంది. తర్వాత వరి కోతలు మొదలయ్యాయి, నాన్నకు ఒంట్లో బాగాలేదు, అమ్మ వెళ్లక తప్పలేదు. అమ్మ బస్సెక్కిన రోజు రాత్రి మా ఆయనా నేనూ కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాం. నా చేతికొచ్చే జీతం 38,500. నాగోల్‌లో మా సందు చివర ఉన్న డేకేర్‌కు 13,000. మెట్రో, ఆటో కలిపి 4,200. నేను ఇంట్లో ఉంటే అక్కర్లేని వంటమనిషికి 3,500. కింద గీత గీసి 17,800 అని రాశాను. మా ఆయన కాసేపు ఆ అంకె వైపే చూసి, "దీనికోసం ఇంత టెన్షన్ అవసరమా?" అన్నారు. నా అవస్థ చూడలేక అన్న మాటే, నన్ను తక్కువ చేసి కాదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఏదో తప్పు జరిగిందనిపించింది గానీ ఎక్కడో దొరకలేదు. తెల్లవారి పాలు కాస్తుంటే తట్టింది. రోజూ పది మంది బిల్లులు సరిచూసేదాన్ని, నా ఇంటి లెక్కలో మొత్తం ఖర్చు ఒకే ఖాతాలో రాసేశాను. పాప ఇద్దరి బిడ్డ కదా, డేకేర్ ఫీజు నా ఒక్కదాని జీతంలోంచే ఎందుకు తీసేయాలి? వంట ఇద్దరూ తినేదే. ఆయన రోజూ జీడిమెట్లకు బండి మీద పోయి వస్తారు, ఆ పెట్రోలు ఆయన ఉద్యోగంలోంచి ఎవరూ తీసేయలేదు. డేకేర్, వంటమనిషి ఖర్చు సగం సగం చేసి మళ్లీ రాస్తే నా వైపు మిగిలింది 26,050. కాగితం ఆయన టిఫిన్ ప్లేటు పక్కన పెట్టాను. చదివి, "నిజమే, నాకు తట్టనే లేదు" అన్నారు. ఆ నెల నుంచి డేకేర్ ఫీజు ఆయన అకౌంట్ నుంచే పోతోంది.

ఇంకొకటి ఆ కాగితంలో లేనే లేదు. పీఎఫ్‌తో పాటు వచ్చే పెన్షన్ పథకంలో పదేళ్ల సర్వీసు నిండితేనే నెలనెలా పెన్షన్‌కు అర్హత. నాకు ఇప్పటికి ఎనిమిదేళ్ల నాలుగు నెలలు. ఇప్పుడు మానేస్తే మళ్లీ ఎక్కడో చేరి మిగతా కాలం నింపుకునేదాకా అది అక్కడే ఆగుతుంది. మూడేళ్లు ఖాళీ ఉన్నవాళ్లను ఇంటర్వ్యూలో ఎలా చూస్తారో మా ఆఫీసులోనే కళ్లారా చూశాను.

అయితే ఇదంతా డబ్బు సంగతే. మా అత్తమ్మ ఫోన్లో ఒకమాట అన్నది: "పైసలదేముంది బిడ్డా, పిల్ల మళ్ల చిన్నగైతదా?" ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. పాప మొదటిసారి నడిచింది డేకేర్‌లోనే. సాయంత్రం మెట్రోలో, రసూల్‌పురా దాటాక వీడియో వచ్చింది. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని నిలబడింది, చెయ్యి వదిలింది, రెండడుగులు వేసి కూలబడింది. అంతే వీడియో. లేడీస్ కోచ్‌లో నిలబడి ప్యారడైజ్ నుంచి తార్నాక దాకా అదే మళ్లీ మళ్లీ చూశాను. పక్కనున్న అమ్మాయి ఏమీ అడగకుండా తన వాటర్ బాటిల్ నా చేతికిచ్చింది. ఆ పెద్దాయన రాసిన బాధ నాకు తెలియదని ఎవరూ అనుకోవద్దు.

పాలిచ్చే తల్లికి ఆఫీసులో ఎలా ఉంటుందో కూడా రాస్తాను, ఎవరూ రాయరు కాబట్టి. సెలవు నుంచి తిరిగొచ్చిన కొత్తలో మధ్యాహ్నానికల్లా రొమ్ములు గట్టిపడి, చీర తడిసిపోయేది. పాలు పిండుకోవడానికి చోటు అడిగితే పాత వోచర్ల కట్టలు పెట్టే గది చూపించారు. దానికి గడియ సరిగా పడదు. తలుపుకు కుర్చీ అడ్డం పెట్టి, ఆ కుర్చీలోనే కూర్చుని, బయట అడుగుల చప్పుడు వినిపించినప్పుడల్లా కొంగు కప్పుకునేదాన్ని. చిన్న స్టీలు డబ్బాలో పాలు పట్టి, మూత పెట్టి, కాసేపు చూసి సింకులో పారబోసేదాన్ని. దాచడానికి ఫ్రిజ్ లేదు. ఇరవై రోజులకు పాలు తగ్గిపోయాయి.

చట్టం మాత్రం వేరేగా చెబుతోంది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి, మొదటి ఇద్దరు పిల్లలకు సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. ఆ మేలు నేను పొందాను. అదే సవరణలో, 50 మంది లేదా అంతకు మించి పనిచేసే చోట పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చని 11ఎ సెక్షన్‌లో చేర్చారు. ఆఫీసు లోపలే ఉండాలని కూడా లేదు, నిర్ణీత దూరంలో ఉంటే చాలు. మా ఆఫీసులో 60 మందికి పైనే ఉన్నాం. హెచ్‌ఆర్ వాళ్లను అడిగితే, "50 మంది ఆడవాళ్లు లేరు కదమ్మా" అన్నారు. చట్టంలో లెక్క ఉద్యోగులందరిదీ, ఆడవాళ్లది మాత్రమే కాదు. ఆ సెక్షన్ ప్రింట్ తీసి ఇచ్చి ఐదు నెలలైంది. నా బిడ్డ నాగోల్‌లో, నేను బేగంపేటలో. రోజుకు నాలుగుసార్లు కాదు, ఒక్కసారి పోయి రావాలన్నా సగం పూట పోతుంది.

సెలవు అయిపోయేసరికి బిడ్డకు ఆరు నెలలు. అంగన్‌వాడీలో ఆటపాటల బడికి తీసుకునేది మూడేళ్లు నిండాక. మధ్యలో ఆ రెండున్నరేళ్లు బిడ్డ ఎక్కడుండాలి? కేంద్ర ప్రభుత్వంలో పనిచేసే తల్లులకు సర్వీసు మొత్తంలో 730 రోజుల దాకా చైల్డ్ కేర్ లీవ్ ఉంది. ఆ సెలవు ఉన్నవాళ్లను చూసి నాకు అసూయ లేదు, అలాంటిది ఉండాలి కూడా. మాలాంటి ప్రైవేటు ఉద్యోగులకైతే అమ్మో, అత్తమ్మో, డేకేరో, రాజీనామానో. ఈ నాలుగింట్లో ఏది ఎంచుకున్నా తల్లినే తప్పు పడతారు.

మా తోడికోడలు రెండో బాబు పుట్టాక టీచర్ ఉద్యోగం మానేసింది. తనే కావాలని మానేసింది, హాయిగా ఉంది, ఆ ఇల్లు చూస్తే నాకూ ముచ్చటేస్తుంది. కానీ పొద్దున ఐదింటి నుంచి రాత్రి పదింటిదాకా నడుం వాల్చని మనిషిని బంధువులంతా "ఇప్పుడు ఖాళీయే కదా" అని పలకరిస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది.

నేను ఇప్పటికి ఉద్యోగం మానలేదు. జూన్‌లో మళ్లీ కూర్చుని చూద్దామని ఇద్దరం అనుకున్నాం. అప్పుడు పాప ఆరోగ్యం, నా ఓపిక, ఆయన షిఫ్టులు అన్నీ చూస్తాం. ఒకవేళ మానేస్తే అది మా ఇద్దరి నిర్ణయం కావాలి గానీ, గడియ పడని గది వల్ల కాకూడదు.

మీకు ఒక విన్నపం. మీ విలేకరిని ఒక్కరోజు బేగంపేట నుంచి అమీర్‌పేట దాకా పంపండి. 50 మంది దాటిన ఆఫీసుల్లోకి వెళ్లి, "పిల్లల గది ఎక్కడుంది, చూపిస్తారా?" అని అడగమనండి. వాళ్లు ఏం చూపించారో ఫొటోలతో వేయండి. కార్మిక శాఖ అధికారులను కూడా అదే అడగండి. ఆ పెద్దాయన తప్పక చదువుతారు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
నాగోల్, హైదరాబాద్
(ఆఫీసులో ఇబ్బంది అవుతుంది, పేరు వేయవద్దని మనవి)