అరువు పోలికలతో కవి కాలేరు

సంపాదకులకు నమస్కారం.

ఒడిశాలోని గజపతి, గంజాం జిల్లాల తెలుగు కవిసమ్మేళనాల్లో 'ఆశల పల్లకి', 'కన్నీటి సంద్రం', 'అక్షర సేద్యం' పదే పదే వినబడుతున్నాయి. పక్కనే మహేంద్రతనయ పారుతుంటే కవితలో మాత్రం గోదావరి. దీనికి ఒక కారణముంది. ఇక్కడి తెలుగు పిల్లల్లో చాలామంది బడిలో చదివేది ఒడియా. ఇంట్లో మాట్లాడే తెలుగు అచ్చుకు పనికిరాదన్న జంకుతో అచ్చయిన కవితల్లోంచే మాటలు తెచ్చుకుంటారు. వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పాఠాలు చెప్పిన పర్లాకిమిడిలో ఇలా జరగడం బాధగా ఉంది.

కీర్తి కోరుకోవడం తప్పేమీ కాదు. సంస్కృత కావ్యశాస్త్రకారుడు మమ్మటుడు కావ్యప్రయోజనాల్లో మొదట చెప్పింది యశస్సునే. అయితే రుసుం కట్టిన ప్రతివారికీ సంకలనంలో చోటు, ప్రశంసాపత్రం, జ్ఞాపిక దొరుకుతుంటే, ఇదివరకే చప్పట్లు పడ్డ మాటను మళ్లీ వాడటమే కవికి క్షేమమనిపిస్తుంది.

పూర్వకవి పోలిక ఎంతవరకు చెల్లుతుందో 9వ శతాబ్దంలోనే మరో కావ్యశాస్త్రకారుడు ఆనందవర్ధనుడు తేల్చాడు. అద్దంలో నీడలాంటిది, చూసి గీసిన బొమ్మలాంటిది వదిలేయమన్నాడు. ఒకేలా కనిపించే ఇద్దరు మనుషుల్లాంటి పోలికను ఒప్పుకున్నాడు, దాని ప్రాణం దానికి ఉంటుంది గనుక.

కొత్తగా రాసేవారు దీన్ని ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. 'ఆశల పల్లకి' వరస జంటమాటలన్నిటినీ కొట్టేసి, మిగిలింది పైకి చదవండి. కంటితో చూసిందో చెవితో విన్నదో ఒక్కటైనా మిగలకపోతే అది నీడే. తర్వాత పాదాలన్నీ కలిపి ఒకే పేరాగా రాయండి. నష్టమేమీ కనబడకపోతే ఆ విరుపులకు పని లేదన్నమాట. నానీలనే చిట్టి కవితల్లో ఈ లోపం ఇంకా తొందరగా దొరికిపోతుంది. నాలుగు పాదాలు, 20 నుంచి 25 అక్షరాలు. మొదటి రెండు పాదాల్లో ఒక భావం, చివరి రెండింటిలో దాన్ని నిలబెట్టే మరో భావం ఉండాలి. వస్తున్నవాటిలో చాలావరకు ఒకే వాక్యాన్ని నాలుగు ముక్కలు చేసినవే.

మీ సాహిత్యపేజీకి కవితలు ఎంపిక చేసేవారికి పేరు, బిరుదులు కనబడకుండా కవిత ఒక్కటే ఇవ్వండి. తిప్పి పంపేటప్పుడు ఏ పాదం అరువుదో ఒక్క వాక్యంలో రాయండి. దూరాన ఉన్న కుర్రకవికి అదే పాఠం. అచ్చువేసినప్పుడు కవిత కింద సన్మానాల జాబితా వద్దు, ఊరి పేరు చాలు.

– కొందరు సాహిత్యాభిమానులు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా