ఆదివారం సమావేశం: కిర్క్‌పాట్రిక్ పిల్లల చిత్రం

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఆదివారం ఉదయం 10:30 గంటలకు మన అపార్ట్‌మెంట్ లైబ్రరీ గదిలో, 1805లో మద్రాసులో జార్జ్ చిన్నరీ చిత్రించిన కిర్క్‌పాట్రిక్ పిల్లల చిత్రాన్ని ప్రొజెక్టర్‌పై చూస్తూ మాట్లాడుకుందాం.

హైదరాబాద్‌లో ఈస్టిండియా కంపెనీ రెసిడెంటుగా, అంటే నిజాం దర్బారులో కంపెనీ ప్రతినిధిగా పనిచేసిన జేమ్స్ కిర్క్‌పాట్రిక్‌కూ, ఇక్కడి ఖైరున్నీసా బేగంకూ పుట్టిన సాహెబ్ ఆలం, సాహెబ్ బేగం ఓడెక్కి ఇంగ్లండ్ వెళ్లే ముందు గీసిన చిత్రమిది. తల్లి మళ్లీ వారిని చూడనే లేదు. మెట్లపై నిలబడిన ఇద్దరూ హైదరాబాదీ దర్బారు దుస్తుల్లోనే ఉన్నారు. నాలుగేళ్ల అన్న మన వైపే సూటిగా చూస్తుంటే, మూడేళ్ల చెల్లెలు చూపు కిందికి దించుకుంది. ఆ చూపు దగ్గరే నేను ప్రతిసారీ ఆగిపోతాను. సాహెబ్ ఆలంలా భారతీయ తల్లులకు పుట్టిన కొడుకులకు కంపెనీ 1791లోనే తన కొలువుల తలుపులు మూసింది. ఈ పిల్లలు లండన్‌లో బాప్టిజం పొంది విలియం, క్యాథరిన్ అయ్యారు. వారి తండ్రి కట్టించిన రెసిడెన్సీ భవనం మన కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయ ఆవరణలోనే ఉందని చాలామందికి తెలియదు.

ప్రతి ఒక్కరూ దుస్తులు స్పష్టంగా కనిపించే పాత కుటుంబ ఫోటో ఒకటి, స్కెచ్‌బుక్, పెన్సిళ్లు వెంట తెచ్చుకోవాలి. చర్చ అయ్యాక ఆ ఫోటో ఆధారంగా రూపచిత్రం (పోర్ట్రెయిట్) గీస్తాం. ఒరిజినల్ ఫోటోలు వద్దు, జిరాక్స్ చాలు.

కుర్చీలు ఇరవైయే ఉన్నందున, వచ్చేవారు శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే పేరు రాయగలరు. పోయినసారిలా అరగంట ఆలస్యం చేయవద్దని మనవి.